పరీక్షకి పందొమ్మిది రోజులు

ఆ ఏడు మా జీడితోటలో పిక్కలు ఏరుతూ మా బావకి భౌతికశాస్త్రం చెప్పాను. బావ అంటే నా మొగుడే. మా మేనత్త రత్నాలమ్మ కొడుకు జానకిరామ్. పెళ్ళయి రెండేళ్ళయినా ఆ పిలుపు మారలేదు. మా ఉద్దానంలో ఎవరికీ మారదు.

నేను బీఎస్సీ చదివి పలాసలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. బావ ఇంటర్లో చరిత్ర, పౌరశాస్త్రం చదివి ఆపేశాడు. కాశీబుగ్గలో జీడిపిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర పని చేసేవాడు. పొద్దున్న ఆరింటికి వెళితే మధ్యాహ్నం మూడింటికి వచ్చేవాడు. అప్పటికే రైల్వే పరీక్ష రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ లెక్కల్లో గట్టెక్కి సైన్సులో పోయాడు. మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియదు, పడేనాటికి తన వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరిది.

"నువ్వు సెప్పు, నాను వింటాను. అర్థమయ్యేదాకా అడుగుతాను. ఇసుక్కోకూడదు మరి," అని శివరాత్రి నాడే నా దగ్గర మాట తీసుకున్నాడు.

ఆ మాట ఎందుకు తీసుకున్నాడో మొదటి వారంలోనే తెలిసింది. ద్రవ్యరాశి, భారం దగ్గర బండి కదలలేదు.

"రెండూ కేజీలే కదేటి," అన్నాడు.

"కాదు బావా. ద్రవ్యరాశి నువ్వెక్కడికెల్లినా మారదు. భారం మారతాది. భారమంటే భూమి లాగే బలం. దాన్ని న్యూటన్లలో సెప్పాల."

"మా కాటా మీద న్యూటన్లు నేవే."

"కాటా సంగతి ఒగ్గీ. సెందమామ మీదకెల్తే నువ్వు ఆరో వంతే తూగుతావు."

"అయితే మా బస్తాలన్నీ అక్కడికి పంపించీ. ఒంటి సేత్తో ఎత్తిపడేత్తాను."

"ఎత్తడం సులువే. ఊపుగా అడ్డంగా తొయ్యాలంటే మాత్రం ఇక్కడెంత బలం కావాలో అక్కడా అంతే కావాల."

బావ చేతిలో పిక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత, "అంటే బరువు పోయినా వస్తువు పోదన్నమాట," అన్నాడు. మా స్కూలు పిల్లలకి నేను ఇప్పటికీ ఆ మాటతోనే పాఠం మొదలుపెడతాను. ఎవరు చెప్పిన మాటో వాళ్ళకి చెప్పను.

బరువైనదీ తేలికైనదీ ఒకేసారి నేల మీద పడతాయంటే అస్సలు నమ్మలేదు. గట్టు మీద కొబ్బరిచెట్టెక్కి ఒక చేత్తో కొబ్బరికాయ, ఒక చేత్తో జీడిపిక్క పట్టుకుని వదిలాడు. నన్ను దూరంగా నిలబడి చూడమన్నాడు. రెండూ ఒకేసారి పడ్డాయి. నమ్మకం కుదరక ఇంకో కాయ తెంపాడు. మూడో కాయ పడేసరికి అత్త పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏట్రా ఆ సప్పుడు? లేతకాయలన్నీ తెంపేత్తన్నావెందుకు?"

"సదువుకుంటన్నానమ్మా," అన్నాడు చెట్టు మీంచి.

అత్త నా వంక చూసి, నవ్వొచ్చినా నవ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది. మామయ్య దాలయ్య కిడ్నీల జబ్బుతో పోయి నాలుగేళ్ళయింది. రెండేళ్ళ పాటు వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్ చేయించి, చివరికి ఆ బెడ్డు మీదే పోయాడు. అప్పట్నించీ అత్త నవ్వు అలా పెదాల దగ్గరే ఆగిపోయేది.

ఉష్ణం పాఠం దగ్గర మాత్రం బావే నాకు మేస్టారయ్యాడు. పీడనం పెరిగితే నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందని నేను పుస్తకంలో చదువుతుంటే ఆపమని చెయ్యెత్తాడు. "ఇది నువ్వు నాకు సెప్పడమేటి. గేజీ ముల్లు కింద ఉంటే పిక్క ఉడకదు, పైకెల్తే పది నిమిషాల్లో ఉడికిపోద్ది. పదకొండేళ్ళుగా అదే సూత్తన్నాను. దానికో సూత్రం ఉందని ఎవులూ సెప్పలేదంతే." ఆ రోజు తోటలోంచి ఇంటికొస్తున్నప్పుడు బావ నడక మారింది. తను ఏమీ తెలియనివాడు కాడని, తెలిసినదానికి పేర్లు తెలియవంతేనని అర్థమైన మనిషి నడక అది.

ఆ రోజుల్లోనే ఊరి బడిలో ఆరోగ్య శిబిరం పెట్టారు. మా వైపు అది కొత్తేమీ కాదు. ఏడాదికోసారి ఎవరో ఒకరు వస్తారు, కిడ్నీల పరీక్షకి రక్తం తీసుకుంటారు, వెళతారు. నేనూ, బావా, అత్తా ముగ్గురం ఇచ్చాం. వారం తర్వాత స్కూలు నుంచి వచ్చి బస్సు దిగేసరికి మా ఊరి నర్సమ్మ కళావతి మలుపులో స్కూటీ ఆపుకుని నిలబడి ఉంది.

"నీకోసమే సూత్తన్నాను రోజా," అంది. సంచిలోంచి మూడు కాగితాలు తీసింది. "నీదీ మీ అత్తదీ బాగున్నాయి. మీ ఆయనదే. క్రియాటినిన్ రెండు పాయింట్ ఆరు వచ్చింది. ఒకటికి కొంచెం అటూ ఇటూ ఉండాల. ఒకోసారి తప్పొత్తాది, అందుకే మళ్ళీ సేయించాల. ఆలీసం సెయ్యకు. ఈ వారంలోనే పలాస తీసుకెల్లు."

నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను. బీఎస్సీ చదివినదాన్ని కాబట్టి ముందు తేదీ చూశాను, తర్వాత అంకె చూశాను, తర్వాత యూనిట్లు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తలెత్తి చూస్తే కళావతి స్కూటీ అప్పటికే చెరకురసం బండి దాటిపోయింది.

ఆ రోజు నుంచి పరీక్షకి పందొమ్మిది రోజులు.

ఇంటికి వెళ్ళేసరికి బావ వీధి గోడ మీద సుద్దముక్కతో రాస్తున్నాడు. బలం - న్యూటన్. పీడనం - పాస్కల్. పని - జౌల్. సామర్థ్యం - వాట్. నన్ను చూసి గోడకి అడ్డంగా నిలబడి, కళ్ళు మూసుకుని నాలుగూ గడగడా అప్పజెప్పాడు. ఆపి, "కళావతి కలిసినాదా? మన కాయితాలిచ్చినాదా?" అని అడిగాడు.

"నాదీ అత్తదీ ఇచ్చింది. బాగున్నాయట. నీది ఇంకా రానేదట," అన్నాను.

"రాకపోతే బాగున్నట్టే," అని మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

ఎందుకలా అన్నానో ఆ తర్వాత నాకు నేను ఎన్నో రకాలుగా చెప్పుకున్నాను. బావ దాలయ్య కొడుకు. ఆ అంకె వింటే ఆ నిమిషమే పుస్తకం మూసేస్తాడని తెలుసు. శిబిరాల్లో లెక్క తప్పుతుందని కళావతే చెప్పింది. పందొమ్మిది రోజుల్లో మునిగిపోయేదేముంది, పరీక్ష రాసి వచ్చిన మర్నాడే పలాస తీసుకెళతాననుకున్నాను. ఇవన్నీ నిజమే. కానీ అసలు నిజం ఇంకోటి ఉంది. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఉద్యోగమొస్తే ఇక్కడ ఉండక్కర్లేదు. ఈ జబ్బుకి కారణం ఈ నీళ్ళని కొందరంటారు, ఈ మట్టని కొందరంటారు, ఏదన్నదీ ఎవరూ తేల్చలేదు. ఏదైతేనేం, ఎక్కడో ఒక స్టేషను పక్కన రెండు గదుల క్వార్టర్లో, వేరే ఊరి నీళ్ళు తాగుతూ బావతో ముసలిదాన్ని కావాలనుకున్నాను. బావని బతికించుకునే దారి ఆ పరీక్షేనని నమ్మాను. అందుకే కాగితం మడిచి నా సర్టిఫికెట్ల ఫైల్లో అడుగున పెట్టాను.

నాలుగు రోజులాగి కళావతి స్కూలుకి ఫోన్ చేసింది. "తీసుకెల్లావా?"

"తీసుకెల్లాను. మందులిచ్చినారు," అన్నాను. మొదటి అబద్ధానికి కాపలాగా రెండోదాన్ని అలా నిలబెట్టాను.

బావ పరీక్ష శ్రీకాకుళంలో రాశాడు. సాయంత్రం వచ్చేటప్పుడు కాశీబుగ్గలో జిలేబీ పొట్లం కట్టించుకొచ్చాడు. చెప్పులు విప్పకుండానే ప్రశ్నలు చెప్పడం మొదలుపెట్టాడు.

"లిఫ్టు మీద ఇచ్చినారు రోజా. వేగం పెంచుకుంటూ పైకెల్లే లిఫ్టులో మనిషి బరువు పెరుగుద్దా, తగ్గుద్దా అని. పెరుగుద్దని పెట్టీసినాను."

"అది మనం సదవలేదు కదా. నువ్వు లిఫ్టు ఎప్పుడెక్కినావు?"

"ఎక్కలేదు. బస్తా భుజానేసుకుని ఒక్క ఊపున లేత్తే, లేచినంతసేపూ బరువు ఎక్కువగానే ఉంటాది. లేచి నిలబడ్డాక మామూలే. లిఫ్టయినా అంతే కదేటి అనుకున్నాను. తప్పా?"

"తప్పు కాదు," అన్నాను.

అత్త జిలేబీ ముక్క నోట్లో పెట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి పైకే నవ్వింది. నాలుగేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ నవ్వు విన్నాం. చెబుదామనుకున్న రోజు అదే. నవ్వు ఆగాక చెబుదామనుకున్నాను. తర్వాత రేపనుకున్నాను. రేపు, ఫలితాలొచ్చాక అయింది.

ఏప్రిల్ ఆఖర్లో ఫలితాలొచ్చాయి. పాసయ్యాడు. సైన్సులో లెక్కల కంటే ఎక్కువ మార్కులు. ఊళ్ళో వాళ్ళు బావకి చెయ్యి కలపడానికి వచ్చి, "మేస్టారమ్మ ఏదీ?" అని నన్ను బయటికి పిలిచారు. నేను వంటింట్లోంచి రాలేదు.

ఆ తర్వాత దేహదారుఢ్య పరీక్ష. ముప్పై అయిదు కేజీలు ఎత్తుకుని వంద మీటర్లు రెండు నిమిషాల్లో నడవాలి. కిలోమీటరు నాలుగుంపావు నిమిషాల్లో పరుగెత్తాలి. రోజూ సాయంత్రం అక్కుపల్లి సముద్ర తీరానికి వెళ్ళేవాళ్ళం. బావ ఇసక బస్తా ఎత్తుకునేవాడు, నేను ఫోన్లో టైము చూసేదాన్ని. బరువు తనకొక లెక్క కాదు. పరుగు దగ్గరే చిక్కు వచ్చింది. మొదట్లో చేపల వేటకెళ్ళే పల్లెవాళ్ళ పడవలు దాటి ఆగకుండా పోయేవాడు. పది రోజులయ్యేసరికి పడవల దగ్గరే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోతున్నాడు. పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు. మధ్యాహ్నానికి తగ్గిపోయేది.

"ఎక్కువసేపు సదివినాను కదా, కళ్ళు వాసిపోయినాయి. ఆ వాపు ఇంకా తియ్యలేదు," అని నవ్వేవాడు.

ఒకరోజు పరుగు మధ్యలో ఆపి తడి ఇసకలో కూర్చుండిపోయాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. చెప్పులు విప్పి చూస్తే పాదాల మీద పట్టీల అచ్చు లోతుగా పడి ఉంది. వేలితో నొక్కాను. గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.

"ఈయాలకి సాలు బావా. ఇంటికెల్దాం."

"ఇంకొక్కసారి పరుగెత్తుతాను. పదిహేను సెకండ్లే ఎక్కువొత్తన్నాది."

"వద్దు. ఆసుపత్రికెల్దాం."

నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. బావ నా ముఖంలోకి చూశాడు. "ఎందుకు? కాళ్ళు వాసినందుకా? రోజంతా బాయిలర్ దగ్గర నిలబడితే ఎవులికైనా వాత్తాయి. ఇది అయిపోనీ. తర్వాత నువ్వేటంటే అది." లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, మళ్ళీ గీత దగ్గరికి నడిచాడు. నేను ఫోను తీసి, టైము మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టేలా సున్నా నొక్కాను. ఆ రోజు నాలుగు నిమిషాల పది సెకండ్లలో వచ్చాడు. నేను చేసిన పనులన్నిట్లోకీ ఆ సున్నా నొక్కడం నాకు ఎక్కువగా గుర్తొస్తుంది.

దాంట్లోనూ పాసయ్యాడు. మిగిలింది విశాఖలో వైద్య పరీక్ష. అక్కడ తెలిసిపోతుందని నాకు తెలుసు. అయినా శిబిరం లెక్క తప్పయి ఉండాలని మొక్కుకున్నాను. మొక్కుకుంటే కొలత మారదని పిల్లలకి చెప్పేదాన్ని నేనే.

జూన్ రెండో వారంలో వెళ్ళి మూడో రోజు మధ్యాహ్నం ప్యాసింజరుకి వచ్చాడు. తోటలో పిక్కలయిపోయాయి. తొలి చినుకులు పడి పెరడంతా బురదగా ఉంది. బావ నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు, ఒకే కాలు మీద చెంబులు చెంబులు పోసుకుంటున్నాడు.

అత్త తువ్వాలు తీసుకెళ్ళింది. "ఏటయినాది?"

"పాసవనేదమ్మా."

"ఎన్ని ప్రశ్నలడిగినారు? ఏది రాలేదు నీకు?"

"ప్రశ్నలు కాదమ్మా." చెంబు కింద పెట్టాడు. "రగతం."

ఆ మాట ఆ ఇంట్లో ఇంతకుముందు ఒకసారి విన్నదే. అత్త తువ్వాలు కొడుకు భుజం మీద వేసి, అక్కడే నూతి గట్టు మీద కూలబడింది. తర్వాత ఒంగి కొడుకు పాదం తన ఒళ్ళోకి తీసుకుని చీర కొంగుతో తుడవసాగింది. బావ వద్దనలేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఇద్దరిలో ఎవరి దగ్గరికీ వెళ్ళలేకపోయాను.

మర్నాడే ముగ్గురం పలాస ఆసుపత్రికి వెళ్ళాం. అత్త లోపలికి రానంది. మామయ్యని పడుకోబెట్టిన వార్డు ఆ వరండాలోంచే కనిపిస్తుంది. బయట బల్ల మీద కూర్చుంది. నేనూ బావా లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ వయసులో చిన్నదే. విశాఖ కాగితం చూసింది. నాలుగు పాయింట్ మూడు. బీపీ చూసింది, పాదాలు నొక్కి చూసింది.

"ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం పరీక్ష చేయించారా?" అని అడిగింది.

"నేదండి. ఇదే మొదలు. మార్చిలో శిబిరంలో ఇచ్చినాను గానీ ఆ కాయితం రానేదు," అన్నాడు బావ.

"అయ్యో. అది ఉంటే ఎంత తొందరగా పెరుగుతోందో తెలిసేది. ఒక్క అంకె చూసి చెప్పలేం."

నా చేతిసంచి ఒళ్ళో ఉంది. కాగితం అందులోనే ఉంది. పొద్దున్న ఫైల్లోంచి తీసి పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటిదాకా నాకే తెలియదు. తీసి బల్ల మీద పెట్టాను.

"ఉందండి," అన్నాను.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. మార్చి అయిదు, రెండు పాయింట్ ఆరు. జూన్ పన్నెండు, నాలుగు పాయింట్ మూడు. కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుంది. నన్ను తిట్టలేదు. "అప్పుడే వచ్చుంటే బాగుండేది. జబ్బు ఆగిపోయేదని నేను చెప్పను. బీపీకి మందు మొదలుపెట్టేవాళ్ళం, ఈ ఎండల్లో పనీ పరుగూ ఆపమనేవాళ్ళం. కొంత నెమ్మదించేదేమో. ఇక ముందుది చూద్దాం," అంది.

బావ చెయ్యి చాచి పాత కాగితం తీసుకున్నాడు. తేదీ చదివాడు. పెదాలు కదిలాయి. ఎన్ని రోజులో లెక్కపెడుతున్నాడు. పరీక్ష వరకు ఒక లెక్క, అక్కడి నుంచి అక్కుపల్లి ఇసకలో కూర్చున్న రోజు వరకు ఒక లెక్క. నేను ఆయన వైపు చూడకుండా గోడ మీది పటం చూస్తూ కూర్చున్నాను. లెక్క అయ్యాక కాగితాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయటికి రాగానే అత్త లేచింది. "ఆ జేబులో కాయితం ఏట్రా?"

"మందుల సీటీ అమ్మా," అన్నాడు బావ.

అత్తకి ఇప్పటికీ తెలియదు. ఆయన చెప్పలేదు, నన్ను చెప్పనివ్వలేదు.

వచ్చేటప్పుడు బస్సు నిండా జనం. అత్తకి ముందు సీటు దొరికింది. మేమిద్దరం వెనక కూర్చున్నాం. కాశీబుగ్గ గేటు దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. గూడ్సు వెళుతోంది. దాని చప్పుడంతా అయిపోయి గేటు ఎత్తేదాకా బావ దాని వైపే చూశాడు.

"సెప్పుంటే నాను పరీక్షకెల్లేవోన్ని కాదు," అన్నాడు.

"తెలుసు బావా. అందుకే."

"ఎల్లకపోతే, నాకింత వచ్చని నాకే తెలిసీది కాదు."

బస్సు కదిలింది. బావ కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తూ, "అయినా సెప్పాల్సింది రోజా," అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏడ్చేదాన్ని, కాళ్ళు పట్టుకునేదాన్ని, ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. పాఠంలో ఒక మెట్టు వదిలేస్తే దాన్ని ఎత్తిచూపే గొంతుతో అన్నాడు.

ముందు సీట్లోంచి అత్త వెనక్కి తిరిగింది. "ఏటి మాటాడుకుంటన్నారు?"

"పరీక్ష గురించేనమ్మా," అన్నాడు బావ.